మా అబ్బాయి రెండు జడలు

మా అబ్బాయికి మూడో ఏడు ఇంకో నెలలో నిండుతుందనగా వాడి జుట్టు భుజాలు దాటి వీపు మీదికి దిగింది. ఒత్తుగా, రింగులు తిరిగి, చిక్కుపడడం కోసమే పుట్టినట్టుండే జుట్టు. రోజూ పొద్దున దానికి నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలల్లి, రబ్బరు బ్యాండ్లు బిగించేదాన్ని. అల్లకపోతే అది వాడి అన్నంలోకీ నోట్లోకీ వెళ్తుంది. అల్లినా వెళ్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

“కత్తిరించెయ్యొచ్చుగా” అని ఆఫీసులో ఎవరో ఒకరు అడగని రోజు లేదు. అడగడానికేం, నోరు వాళ్ళది, జుట్టు మాది. మా అత్తగారింటి ఆనవాయితీ ప్రకారం పుట్టువెంట్రుకలు తిరుమల కొండ మీదే తియ్యాలి. అప్పటిదాకా కత్తెర తగలకూడదు, ఒక్క వెంట్రుకకి కూడా. తీసేటప్పుడు పిల్లాడు మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. అదీ మొదటి ఏడో, మూడో ఏడో, ఐదో ఏడో అయ్యుండాలి, సరి సంవత్సరం పనికిరాదు. మొదటి ఏడు తీద్దామనుకునేసరికి మా పెదమామగారు పోయి ఏటిసూతకం వచ్చింది. రెండో ఏడు ఎటూ సరిది. మూడో ఏడంతా మా తమ్ముడికి సెలవు దొరకలేదు. ఇక మిగిలింది ఈ ఆఖరి నెల. ఇది దాటిందంటే నాలుగో ఏడు మొత్తం గడిచి ఐదోది వచ్చేదాకా ఆ జడలు నా చేతుల్ని వదలవు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఇంట్లో పూజారి పని క్యాలెండరు చేస్తోంది.

మేం యానాం వాళ్ళం. నాకు బదిలీ అయి పుదుచ్చేరి వచ్చాం. మా ఆయన గోరిమేడు వైపు ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తారు. ఆయనకి షిఫ్టులు. ఆ షిఫ్టులు ఎవరు వేస్తారో గాని, పిల్లలకి జడలేసే వేళకి ఆయన ఎప్పుడూ ఇంట్లో ఉండరు. ఉంటే నిద్రలో ఉంటారు.

కూతురు యూకేజీ. దాని స్కూల్లో రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టి పంపాలి. అంటే వ్యాను హారన్ కొట్టేలోపు మొత్తం నాలుగు జడలు. కూతురు కుదురుగానే కూర్చుంటుంది, నోరే కూర్చోదు. “తమ్ముడి జడ నా జడ కంటే లావెందుకుంది? వాడు మగపిల్లాడు కదా. నాది వాడికిచ్చి వాడిది నాకు పెట్టొచ్చు కదా.” సమాధానం చెప్తే ఇంకో ప్రశ్న వస్తుంది, చెప్పకపోతే అదే ప్రశ్న మళ్ళీ వస్తుంది. ఈలోగా స్టవ్ మీద పాలు పొంగుతాయి.

కొడుకు వేరే రకం. దువ్వెన కనపడగానే మంచం కింద దూరతాడు. కాలు పట్టుకుని లాగితే తలుపు వెనక్కి, అక్కణ్ణించి బట్టల బుట్టలోకి. ఒంటికి నూనె రాసి ఉంటాను కాబట్టి చేప జారినట్టు జారిపోతాడు. ఎలాగో పట్టుకుని కాళ్ళ మధ్య ఇరికించి ఒక జడ పూర్తి చేసేసరికి అటువైపు బ్యాండు పీకేస్తాడు. చేతికి దువ్వెన దొరికిందా, బాల్కనీలోంచి కిందికి గిరాటు వేస్తాడు. ఒకరోజు ఇంట్లో ఒక్క దువ్వెన కూడా లేక ఫోర్కుతో చిక్కు తీశాను. నిజం చెప్పాలంటే దువ్వెన కంటే బాగానే పనిచేసింది.

ఆ దువ్వెనలన్నీ పడేది కింది వాటా వాళ్ళ దొడ్లో. ఆ ఇంటాయన తట్టాంచావడిలో ఒక వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తారు. తాతల కాలం నుంచి ఇక్కడి తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చదవడం రాయడం మాత్రం తమిళమే. ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. అందులో విశేషమేం లేదు, కూరగాయల బండాయన్నీ ఆటో ఆయన్నీ కూడా అలాగే పిలుస్తాను. సాయంత్రం పని నుంచి రాగానే ఆయన దువ్వెనలు ఏరుకుని పైకొచ్చేవారు.

“ఇదో మా, ఈ పొద్దు రెండు. ఒకటి కోడి మీద పడింది.”

దువ్వెనలిచ్చి వెళ్ళిపోతే బాగుండేది. సరిగ్గా నేను పిల్లలకి అన్నం కలిపే వేళకి ఆయన జేబులోంచి మురుకుల పొట్లం తీసేవారు. ఇద్దరూ ఆయన మీదికెక్కి చెరో చేతా మురుకులు పట్టుకుని కరకర నమిలేవాళ్ళు. ఇక నా చేతిలో పప్పన్నం ముద్ద ఎవరికి కావాలి? “అన్నా, తినేముందు పెట్టకండి” అని ఎన్నిసార్లు చెప్పానో. “ఏమి అవుతుంది మా, చిన్న బిడ్డలు” అని నవ్వేవారు. పిల్లల్ని పాడు చెయ్యడం అందరికీ సరదాయే, బాగుచెయ్యాల్సిందే ఒక్కరు.

జుట్టుతో వచ్చే చికాకులు ఇంట్లోనే అయిపోయేవి కావు. బస్సెక్కితే ఆడవాళ్ళు వాణ్ణి ఆడపిల్లనుకుని బుగ్గలు పుణికి, తమ తల్లో మల్లెపూలు తుంచి వాడి జడలో పెట్టేవాళ్ళు. వాడు దర్జాగా తల వంచి పెట్టించుకునేవాడు. నా దగ్గర ఒక్క నిమిషం ఆగని తల, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు ఎంత బుద్ధిగా వంగేదో చూస్తే ఒళ్ళు మండిపోయేది. దిగాక పూలు తీస్తే రోడ్డు మీద పొర్లేవాడు.

ఒక ఆదివారం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి ఇంట్లో అనుమానాస్పదమైన నిశ్శబ్దం. పిల్లలున్న ఇంట్లో నిశ్శబ్దం మంచిది కాదు. చూస్తే కూతురు వాళ్ళ స్కూలు డ్రాయింగు గమ్ము సీసా మొత్తం తమ్ముడి తల మీద ఒంపి, చమ్కీలు చల్లి, మునివేళ్ళతో అద్దుతోంది. “ఫ్యాన్సీ డ్రెస్సమ్మా. వాడు మహారాణి.” మహారాణి గారు అద్దంలో చూసుకుని మురిసిపోతున్నారు. ఇంకెవరైనా అయితే ఆ నాలుగు పోగులు కత్తెరతో తీసి పారేసేవాళ్ళు. నాకా భాగ్యం లేదు. కొబ్బరినూనె పోసి, ఒక్కో వెంట్రుక పట్టుకుని, ఆ పూటంతా గోళ్ళతో గీకాను. వాడు ఏడ్చాడు, వాణ్ణి చూసి అది ఏడ్చింది, ఇద్దర్నీ చూసి నాకూ ఏడుపొచ్చింది గాని టైము లేదు. మర్నాడు ఆఫీసులో మా సూపరింటెండెంటు గారు నా మొహంకేసి అదోలా చూశారు. కనుబొమ్మ మీద చమ్కీ ఉందని తర్వాత తెలిసింది.

ఇవన్నీ అత్తగారికి తెలియకూడదు. రోజూ దీపాలవేళ యానాం నుంచి వీడియోకాల్ చేసేవారు. ముందు మనవడి మొహం చూడరు. “ఏవే అమ్మాయ్, పిల్లాణ్ణి వెనక్కి తిప్పు” అనేవారు. తిప్పితే పొడుగు చూసి, ఎవరూ కత్తెర పెట్టలేదని తృప్తిపడి, అప్పుడు “బంగారుకొండా” అని మొదలుపెట్టేవారు. వాడు కూడా అలవాటుపడి, ఫోన్ మోగగానే గిర్రున తిరిగి వీపు చూపించేవాడు. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన ఫోన్ మోగితే ఆయనకీ అలాగే చూపించాడు.

ఎట్టకేలకు మా తమ్ముడికి సెలవు దొరికింది. వాడు కాకినాడ నుంచి రైల్లో తిరుపతి వచ్చేట్టు, మేం ఇక్కణ్ణించి బస్సులో వెళ్ళేట్టు, అంతా కుదిరింది. ముహూర్తం పిల్లాడి పుట్టినరోజుకి రెండు రోజులు ముందు. నేను మనసులో జడలు లెక్కపెట్టుకుంటూ రోజులు గడుపుతున్నాను. ఇంకో వారం ఉందనగా తమ్ముడు ఫోన్ చేశాడు.

“అక్కా, మేనత్తవయ్యావ్. ఆడపిల్ల. డాక్టరు చెప్పిన తేదీ కంటే ముందే వచ్చేసింది. తల్లీ పిల్లా బాగున్నారు.”

నేను ఫోన్ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. “అక్క సంతోషం ఆపుకోలేకపోతోంది” అని వాడు పక్కనున్న వాళ్ళకి చెప్పడం వినపడింది. సంతోషం లేదనను. కానీ ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది ఒక్కటే మాట, పురుడు. బిడ్డ పుట్టిన ఇంటివాళ్ళకి పురుడు వెళ్ళేదాకా గుడి మెట్లెక్కే యోగం లేదు. అది వెళ్ళేసరికి మావాడి మూడో ఏడు కూడా వెళ్ళిపోతుంది. ఆ చిట్టితల్లి ఇంకో వారం లోపలే హాయిగా పడుకుంటే ఏం పోయేది?

అత్తగారికి చెప్పాను. ఆవిడ ఏమాత్రం కంగారు పడలేదు. “దానికేముందే, ఐదో ఏట తీయిద్దాం. ఇన్నాళ్ళు ఆగినోళ్ళం, ఇంకొన్నాళ్ళు ఆగలేమా?” అన్నారు. మా ఆయన సోఫాలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, “అవును, ఏముంది?” అన్నారు.

ఆ ‘ఏముంది’ దగ్గర నా ఓపిక తెగిపోయింది. ఫోన్ అవతల అత్తగారున్నారని కూడా చూడలేదు. “ఆగేది మీరా? మీరెవరైనా ఒక్కరోజు వాడికి జడ వేశారా? ఏవండీ, మీ అబ్బాయి జుట్టుకి పాపిడి ఏ పక్క తీస్తానో చెప్పండి చూద్దాం. మొక్కు మీది, ఆనవాయితీ మీది, దువ్వెన నాది” అని అరిచాను. కూతురు బిత్తరపోయి రిబ్బను నోట్లో పెట్టుకుంది. కొడుకు ఫోన్ చూసి, మామూలుగా, వీపు తిప్పి నిలబడ్డాడు.

నా గొంతు కింది వాటాకే కాదు, వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. తలుపు దగ్గర కింది వాటా ఆయన నిలబడి ఉన్నారు, చేతిలో దువ్వెన.

“ఏంది మా, ఏమైంది?”

కోపంలో ఉన్న మనిషికి అడిగేవాళ్ళు దొరకడమే చాలు. అంతా చెప్పేశాను. ఆయన చివరిదాకా విని, దువ్వెనతో గడ్డం గోక్కుంటూ అన్నారు.

“దీనికి ఇంత గలాటానా? నువ్వు నన్ను అన్నా అంటావు. నీకు నేను అన్న అయితే వీడికి నేను ఏమవుతా? మామనే కదా. నేను కూర్చోబెట్టుకుంటా.”

ఆయన పరాచికం ఆడడం లేదు. నేను ఆయన్ని అన్నా అని పిలిచిన రోజే ఆ మాటని తీసి జాగ్రత్తగా పెట్టుకున్నట్టున్నారు. ఫోన్‌లోంచి అత్తగారు అందుకున్నారు.

“నోటిమాటకి అన్నా అంటే మేనమామ అయిపోతారాండీ? తోడబుట్టాలి గానీ.”

ఆయన ఫోన్ దగ్గరికి వచ్చి వంగి, గట్టిగా మాట్లాడారు. “పెద్దమ్మా, తోడబుట్టినాయన కాకినాడలో ఉండాడు. మీరు యానాంలో ఉండారు. నేను కింద ఇంట్లో ఉండా. మొన్న ఈ పిల్లోడు మెట్ల మీద నుంచి దొర్లినప్పుడు ఎవురు ఎత్తుకున్నారు, అడగండి.”

మెట్ల మీంచి దొర్లిన సంగతి అత్తగారికి మేం చెప్పలేదు. మా ఆయన నా వంక చూశారు, నేను పైకప్పు వంక చూశాను. ఆవిడ అడగాలనుకున్నవి ఇంకేవో ఉన్నాయని నాకు తెలుసు. వాళ్ళెవరు, ఏ ఊరు, ఏ ఇంటిపేరు. ఎందుకో అవేవీ అడగలేదు.

“మేనమామ కొత్తబట్టలు పెట్టాలి. తెలుసా మీకు?” అన్నారు చివరికి.

“తెలుసు పెద్దమ్మా.”

తెల్లవారకముందే బస్సు. పిల్లలతో ప్రయాణం ఎలా ఉంటుందో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా నమ్మరు. టిండివనం దాటకముందే కూతురికి రెండుసార్లు బస్సాపించాల్సి వచ్చింది. మూడోసారి డ్రైవరు నా మొహం చూసి తనే ఆపాడు, అప్పుడు దానికి రాలేదు. కొడుకు కిటికీ ఊచకి జడ కట్టేసుకున్నాడు. మా ఆయన సంచులు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయారు. నేను చికాకుతో ఉడికిపోతుంటే, పిల్లాడి కాబోయే మేనమామ గారు తెల్లపంచె కట్టుకుని, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి మురుకులు తీశారు.

“అన్నా, బస్సులో వద్దు, కక్కుకుంటాడు.”

“ఏమీ కాదు మా.”

కాసేపు కిటికీలోంచి చూసి, ఆయన ఉన్నట్టుండి అన్నారు. “మా చెల్లెల్ని బాహూరులో ఇచ్చినాం. భూమి కాడ మాటామాటా వచ్చింది. దాని కొడుక్కి మొట్ట కొట్టిచ్చినప్పుడు నన్ను పిలవలా. వాళ్ళాయన దోస్తు ఎవుర్నో కూర్చోబెట్టినారంట. నేను ఆ పొద్దు లీవు పెట్టుకోని ఇంట్లోనే ఉన్నా. ఆఖరి నిమిషంలో పిలుస్తారేమో అని.”

గుండు చేయించడాన్ని ఇక్కడ మొట్ట కొట్టించడం అంటారు. ఆ మాట ముగిసిందో లేదో, మావాడు ఆయన తెల్లపంచె మీద మురుకులన్నీ కక్కేశాడు. ఆయన పంచె వంక చూసుకుని, “సరి, పోనీ. మంచిదే” అన్నారు. నాకు జాలి, కోపం, నవ్వు మూడూ ఒకేసారి వచ్చి, ఏదీ బయటికి రాలేదు. నీళ్ళ సీసా ఇచ్చాను.

తిరుపతిలో దిగాక బోర్డులన్నీ నేనే చదివి దారి చెప్పాల్సి వచ్చింది. “అంతా మన భాషే, చదివేదానికి రాదు చూడు” అన్నారాయన, బోర్డు మీది అక్షరాల్ని కాసేపు నిలబడి చూసి.

కొండ మీద గుండ్లు చేసే చోట జనం, నీళ్ళు, తడిసిన జుట్టు, అన్ని వయసుల పిల్లల ఏడుపులు. మా వంతు వచ్చింది. క్షురకుడు మావాడి తల తడిపి, చుట్టూ ఉన్న మమ్మల్ని చూసి, “మేనమామ ఎవరు?” అని అడిగాడు.

“ఈయనేనండీ, మా అన్నయ్య” అన్నాను.

ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. వాడు ఆ చెయ్యి కొరికాడు. మామూలుగా కాదు, పళ్ళు దిగేట్టు. ఆయన కదల్లేదు. కత్తి అటూ ఇటూ పోతుంటే, రోజూ నా ప్రాణం తోడిన జుట్టు తడి ముద్దలు ముద్దలుగా నేల మీద పడింది. అంత తొందరగా అయిపోతుందని నేననుకోలేదు. ఆయన మోచేతి మీద పళ్ళ గుర్తులు చూసి నేను చీర కొంగు తడిపి ఇస్తే, “అంతే కదా మా. మామకి ఇది కూడా లేకుంటే ఎట్లా” అన్నారు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పలేదు.

తిరిగొచ్చిన మర్నాడు స్కూలుంది. రెండే రెండు జడలు. కూతురు ప్రశ్నలన్నీ అడగడం పూర్తయ్యేలోపు అయిపోయాయి. వ్యాను వచ్చింది, అది వెళ్ళిపోయింది. పాలు పొంగలేదు. మా ఆయన లోపల నిద్ర. ఆఫీసుకి ఇంకా టైముంది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ నిలబడి, గిన్నెలోంచి, చేతికందింది తినడమే గాని కూర్చుని టిఫిను తిన్న గుర్తు లేదు. పళ్ళెంలో ఇడ్లీలు పెట్టుకుని, పచ్చడి కూడా వేసుకుని, హాల్లో పీట మీద కూర్చున్నాను. నేను కోరుకున్నదంతా జరిగింది. హాయిగా ఉంటుందనుకున్నాను, హాయిగానే ఉంది.

వాడు బొమ్మల దగ్గర్నుంచి లేచొచ్చాడు. గుండు మీద చందనం ఎండి పెచ్చులుగా రాలుతోంది. చెయ్యి పట్టుకుని ఈడ్చి తెచ్చుకుంటే తప్ప దగ్గరికి రానివాడు, తనంతట తనే వచ్చి, నా కాళ్ళ మధ్య, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

“నాకు వెయ్యి” అన్నాడు.

“నీకు జుట్టు లేదురా. పోయి ఆడుకో.”

కదల్లేదు. “అక్కకి వేశావు.”

“అక్కకి జుట్టుంది. లే, నన్ను తిననీ.”

ఆ వీపుని నా మోకాళ్ళకి ఇంకాస్త గట్టిగా ఆనించాడు గాని లేవలేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నాళ్ళు మంచాల కిందా తలుపుల వెనకా నన్ను పరిగెత్తించి, ఇప్పుడా? తినబోయిన ముక్క చేతిలో పట్టుకుని, వాడి మెడ వెనక చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళు జుట్టు కింద దాక్కున్న ఆ మెడ తెల్లగా, సన్నగా ఉంది. పొద్దున లేచింది మొదలు ఆఫీసు, వంట, బట్టలు, మళ్ళీ వంట. రోజు మొత్తంలో నేను కదలకుండా వాడి దగ్గర కూర్చునేది ఆ జడలు వేసే కాసేపే. ఆ సంగతి నాకు తట్టలేదు. వాడికి తెలుసు.

పళ్ళెం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కొచ్చి, దువ్వెన తిరగేసి, పళ్ళు తగలకుండా ఆ గుండు మీద మెల్లగా ఒకవైపు గీశాను. తర్వాత రెండోవైపు. వాడు తల వంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు.

“అయిపోయిందా?” అనడిగాడు.

ఇంకా లేదని చెప్పాను.